మచ్చిక కాకూడని గింజలు: ప్రెయిరీ విత్తన బ్యాంకు ఎలా నడుస్తుంది?

అమెరికాలోని ఇల్లినాయ్‌కి ‘ప్రెయిరీ రాష్ట్రం’ అని పేరు. చెట్లు పెద్దగా లేకుండా, ఎత్తైన గడ్డీ పూలమొక్కలూ కలిసి పెరిగే సహజమైన పచ్చిక మైదానాన్ని ప్రెయిరీ అంటారు. 1820 ప్రాంతంలో ఆ రాష్ట్రంలో ఇలాంటి నేల సుమారు 2.2 కోట్ల ఎకరాలు ఉండేది. 1970ల చివరి సంవత్సరాల్లో రాష్ట్రమంతటా సర్వే చేసి చూస్తే, చెక్కు చెదరని మేలైన ప్రెయిరీ దాదాపు 2,300 ఎకరాలు మాత్రమే మిగిలిందని తేలింది. అంటే పదివేల ఎకరాలకు ఒక ఎకరం. అదైనా ఒకే చోట లేదు. దొరికిన ప్రతి ఐదు తునకల్లో నాలుగు పదెకరాల లోపువే.

ఆ తునకలు బతికి ఉన్న చోట్లు కూడా విచిత్రమైనవి. పాత శ్మశానాలు, రైలు కట్టల పక్కన సన్నని పట్టీలు, రాళ్లెక్కువై నాగలి దిగని గుట్టలు. తొలినాళ్లలో వలస వచ్చినవారు తమవాళ్లను పూడ్చిన స్థలాన్ని ఎవరూ దున్నలేదు కాబట్టి, సమాధుల మధ్య ఆ నాటి మొక్కలు అలాగే ఉండిపోయాయి. మెక్‌లీన్ కౌంటీలోని వెస్టన్ శ్మశానం అలాంటిదే. దాదాపు ఐదెకరాల ఆ చోటు ఇప్పుడు రక్షిత ప్రాంతం.

మిగతా నేలంతా ఏమైందో చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ప్రెయిరీ నల్లమట్టి పోత ఇనుము నాగలికి జిగురులా అంటుకునేది. 1837లో గ్రాండ్ డెటూర్ అనే ఊళ్లో జాన్ డీర్ అనే కమ్మరి మట్టి అంటని ఉక్కు నాగలి చేశాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లోనే మైదానం పొలంగా మారింది. ఇప్పుడు అక్కడ పండేది ప్రధానంగా మొక్కజొన్న, సోయా. ఇందులో ఒక చిత్రం ఉంది. ప్రెయిరీలో రాజ్యమేలిన బిగ్ బ్లూస్టెమ్, ఇండియన్ గ్రాస్ అనే గడ్డి జాతులూ, వాటిని తోసేసి వచ్చిన మొక్కజొన్నా వృక్షశాస్త్రం ప్రకారం దగ్గరి చుట్టాలే. జొన్న, చెరకు కూడా ఆ శాఖలోవే.

దున్నడం మానేస్తే పాత మొక్కలు వాటంతట అవే తిరిగి రావా అన్నది సహజమైన ప్రశ్న. రావు. దశాబ్దాల తరబడి సాగు చేసిన మట్టిలో ఇంకా ప్రాణంతో ఉండే గింజల్లో ఎక్కువ భాగం కలుపు మొక్కలవే. ప్రెయిరీ జాతుల్లో చాలావాటి గింజలు నేలలో అంతకాలం నిలవవు. కాబట్టి ప్రెయిరీని మళ్లీ పెంచాలంటే గింజ బయటి నుంచి తేవాలి. తేగలిగిన చోట్లు ఆ శ్మశానాలూ రైలు కట్టలే. అక్కడ కూడా ఒక కరవు, ఒక మందు పిచికారీ, ఒక రోడ్డు వెడల్పు పని చాలు, ఉన్నది పోవడానికి. చికాగో బొటానిక్ గార్డెన్‌లోని డిక్సన్ నేషనల్ టాల్‌గ్రాస్ ప్రెయిరీ సీడ్ బ్యాంక్ వంటి సంస్థలు పుట్టింది ఇందుకే.

విత్తన బ్యాంకు అనగానే కళ్ల ముందు మెదిలేది చల్లని గది, వరసగా అల్యూమినియం సంచులు. చల్లబరచడం ఈ పనిలో తేలికైన భాగం. అడవి గింజ విలువ దాని ఎగుడుదిగుడుల్లో ఉంటుంది. ఒకటి ముందు మొలుస్తుంది, ఒకటి ఏడాది ఆగుతుంది. ఒకటి కంకి నుంచి తొందరగా రాలుతుంది, ఒకటి పట్టుకుని ఉంటుంది. ఏరేటప్పుడు, చెరిగేటప్పుడు, పరీక్షించేటప్పుడు, పెంచేటప్పుడు మనిషి చెయ్యి తనకు వీలైన గింజలనే ఎంచుకుంటుంది, అదీ తనకు తెలియకుండానే. వేల ఏళ్ల కిందట అడవి గడ్డి ఇలాగే వరిగా, జొన్నగా మచ్చికైంది. అన్నం పెట్టే పంటకు అది వరం. తిరిగి అడవిలోకి వెళ్లాల్సిన గింజకు అదే నష్టం. ప్రెయిరీ విత్తన బ్యాంకు నిర్వహణలో కష్టమంతా ఈ మచ్చికను ఆపడంలోనే ఉంది.

జిల్లేడు చుట్టం ఒకటి

వైవిధ్యం పోతే ఏమవుతుందో మీడ్స్ మిల్క్‌వీడ్ అనే మొక్క చూపిస్తుంది. ఇది జిల్లేడుకు చుట్టం. తుంచితే పాలు కారతాయి. కాయ పగిలితే దూది తోకలతో గింజలు గాలిలో ఎగురుతాయి. ఒకప్పుడు మధ్య పశ్చిమ రాష్ట్రాల ప్రెయిరీల్లో విస్తారంగా ఉండేది. 1988లో అమెరికా ప్రభుత్వం దీన్ని ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది.

ఇది మిగిలిన చోట్లలో చాలావరకు ఎండుగడ్డి కోసం ఏటా కోసే పచ్చికలు. కోత వేసవి మధ్యలో పడుతుంది. అప్పటికి కాయ ముదరదు. గింజ రాలకుండానే మొక్క తెగిపోతుంది. అయినా మొక్క చావదు. నేల కింద వేరుకాండం ద్వారా పక్కకు పాకి, మళ్లీ లేస్తుంది. బయటి నుంచి చూస్తే పదుల కొద్దీ మొక్కలు పచ్చగా కనిపిస్తాయి. జన్యు పరీక్ష చేస్తే కొన్ని చోట్ల అవన్నీ ఒకే మొక్క కొమ్మలని తేలింది. పైగా ఈ జాతి తన పుప్పొడిని తాను అంగీకరించదు. కాయ కట్టాలంటే వేరే వంశపు పుప్పొడి కావాలి. ఆ చుట్టుపక్కల ఇంకో వంశం లేదు. ఇక గింజ ఎలా వస్తుంది? ఏటా పూసే, ఎన్నడూ కాయని గుంపుగా అది మిగిలిపోయింది. ఎండుగడ్డి కోయకుండా నిప్పు పెట్టి నిర్వహించే ప్రెయిరీల్లో మాత్రం వంశాల సంఖ్య మెరుగ్గా ఉంది. ఇల్లినాయ్‌లో దీన్ని నిలబెట్టాలంటే వేరే చోట్ల గింజలతో పెంచిన మొక్కలను తెచ్చి నాటాల్సి వచ్చింది.

బ్యాంకు సంచిలో గింజల సంఖ్య చూసి సంతోషపడే వారికి ఈ మొక్క గట్టి హెచ్చరిక. పదివేల గింజలున్నా అవి రెండు తల్లులవే అయితే ఉన్నది రెండు తల్లుల సంపదే.

ఎంత ఏరాలి, ఎలా ఏరాలి

అమెరికా ప్రభుత్వ భూముల నిర్వహణ సంస్థ, బ్రిటన్‌లోని క్యూ ఉద్యానవనంతో కలిసి 2000 దశకం ఆరంభంలో ‘సీడ్స్ ఆఫ్ సక్సెస్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. దేశీయ మొక్కల గింజలు ఏరేవారు ఎక్కువగా పాటించే నియమాలు దానివే. వాటిలో మూడు ముఖ్యం. కనీసం 50 మొక్కల నుంచి తీసుకోవాలి. వీలైతే 10,000 నుంచి 20,000 దాకా బతికున్న గింజలు రావాలి. ఆ రోజు అక్కడ పండి ఉన్న గింజల్లో 20 శాతానికి మించి ముట్టుకోకూడదు.

ఈ 50 అనే అంకె వెనుక ఒక చిన్న సంభావ్యత లెక్క ఉంది. ఏదో ఒక జన్యురూపం ఆ గుంపులో ఉన్న ప్రతుల్లో నూటికి ఐదింట్లోనే ఉందనుకుందాం. యాదృచ్ఛికంగా తీసిన ఒక ప్రతిలో అది లేకపోయే అవకాశం 0.95. ఇలా 59 ప్రతులు తీస్తే ఏ ఒక్కదానిలోనూ అది లేకపోయే అవకాశం 0.95ను 59 సార్లు గుణిస్తే వచ్చేది, అంటే సుమారు 0.05. కాబట్టి 59 ప్రతులు తీస్తే అది చేతికి చిక్కే అవకాశం 95 శాతం. పరపరాగ సంపర్కంతో పెరిగే మొక్కకు రెండేసి ప్రతులు చొప్పున 30 మొక్కలు చాలు. స్వపరాగ సంపర్కం చేసుకునే మొక్కలో రెండు ప్రతులూ ఒకటే కావచ్చు కాబట్టి 59 మొక్కలు కావాలి. ఒక్క జన్యురూపాన్ని కాదు, ఇలాంటివి ఎన్నిటినో ఒకేసారి పట్టుకోవాలి. అందుకే 50 అన్నది కనీసం. అంతకు మించితే మంచిది.

ఈ లెక్క అంతా ‘యాదృచ్ఛికంగా’ అన్న ఒక్క మాట మీద నిలబడింది. క్షేత్రంలో అది పాటించడమే కష్టం. ఏరేవారి చెయ్యి బలంగా ఎదిగిన మొక్క వైపు, నిండుగా ఉన్న కంకి వైపు, కాలిబాటకు దగ్గరున్న గుబురు వైపు వెళ్తుంది. అందుకే అనుభవజ్ఞులు స్థలాన్ని ఊహాత్మకంగా గళ్లుగా విడగొట్టుకుని, పల్లంలోనూ మిట్టలోనూ, అంచునా నడుమా, పొట్టి మొక్క నుంచీ పొడుగు మొక్క నుంచీ సమానంగా తీసుకుంటారు. అరుదైన జాతి అయితే ఒక్కో తల్లి మొక్క గింజను ఒక్కో కవరులో విడిగా పెడతారు. తర్వాత ఏ వంశం ఎంత మిగిలిందో చెప్పగలిగేది ఆ కవర్లే.

రెండోది కాలం. ఒకే ఒక్కరోజు వెళ్లి ఏరితే, ఆ రోజుకు పండిన వంశాలే సంచిలోకి వస్తాయి. ముందే రాలిపోయినవీ ఇంకా పచ్చిగా ఉన్నవీ రావు. పొడి ఏడాదుల్లో త్వరగా పండే గుణమే ఆ గుంపును కాపాడవచ్చు. ఒక్కరోజు సేకరణతో అది బ్యాంకు గుమ్మం దాటదు. కాబట్టి ఒకే చోటికి రెండు మూడు విడతలు వెళ్లాలి. చాలా జాతులు సెప్టెంబరు, అక్టోబరుల్లో పండినా, వసంతంలో పూసే ప్రెయిరీ ఫ్లాక్స్, వయొలెట్ల వంటివి వేసవి మొదట్లోనే పండి, కాయ పగిలి గింజను దూరంగా విసిరేస్తాయి. వాటికి ముందుగానే పలచటి గుడ్డ సంచులు కట్టాలి.

20 శాతం నియమాన్ని ఒక ఉదాహరణతో చూస్తే బ్యాంకు అసలు ఇరుకు తెలుస్తుంది. శ్మశానం మూలన ఒక జాతివి 200 మొక్కలున్నాయి, మొక్కకు సగటున 300 పండిన గింజలు ఉన్నాయి అనుకుంటే మొత్తం 60,000. అందులో ఐదో వంతు 12,000. తాలు పోగా మిగిలేది ఇంకా తక్కువ. 20,000 లక్ష్యం ఆ ఏడాది అందదు. అరుదైన జాతులకు ఇంతకన్నా తక్కువ హద్దు పెట్టుకుంటారు. మళ్లీ ఇంకో మంచి ఏడాది కోసం ఆగాల్సిందే. ఆ మంచి ఏడాదిని కొంతవరకు ముందే ఊహించవచ్చు కూడా. మిన్నెసోటాలో ఎకినేషియా అనే పూలమొక్కపై ఏళ్ల తరబడి సాగిన అధ్యయనం ఫలితాలు 2020లో వెలువడ్డాయి. నిప్పు పెట్టిన తర్వాతి వేసవిలో మొక్కలు ఎక్కువగా, ఒకేసారి పూస్తాయి, పక్క మొక్క పుప్పొడి అందుతుంది, గింజ బాగా కడుతుంది అని అది చూపింది. గింజలు ఏరే బృందాలు నిప్పు పెట్టిన చోట్ల జాబితా చేతిలో పెట్టుకుని తిరగడానికి కారణం ఇదే.

చెరగడం, ఎండబెట్టడం

ఇంటికి వచ్చిన సంచిలో గింజ కన్నా చెత్తే ఎక్కువ. జల్లెడలు, గాలి యంత్రాలు వాడతారు. తూర్పారబట్టడం తెలిసిన వారికి ఇందులో కొత్తేమీ లేదు. ఒక చిక్కు మాత్రం ఉంది. బిగ్ బ్లూస్టెమ్ వంటి గడ్డిలో పొట్టు నిండుగా కనిపిస్తుంది, లోపల గింజ ఉండదు. గాలి వేగం పెంచితే తాలు పోతుంది, దానితో పాటు చిన్న గింజలూ ఎగిరిపోతాయి. చిన్న గింజ అంటే పనికిరాని గింజ కాదు. అది ఇంకో వంశానిది కావచ్చు. శుభ్రత కోసం అతిగా చెరగకూడదని బ్యాంకులు జాగ్రత్తపడతాయి. అనుమానం ఉంటే కొన్నింటిని ఎక్స్‌రే తీసి, తాలు ఎంతో లెక్కకట్టి ఆగుతాయి.

తర్వాత తేమ. గింజ చుట్టూ ఉన్న గాలితో ఎప్పుడూ తేమ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. 15 డిగ్రీల సెల్సియస్ వద్ద, 15 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న గదిలో కొన్ని వారాలు ఉంచితే గింజలో తేమ 3 నుంచి 7 శాతం మధ్య స్థిరపడుతుంది. నూనె ఎక్కువున్న గింజలు ఈ వరసలో దిగువన ఉంటాయి, ఎందుకంటే నూనె నీటిని పట్టుకోదు. ఆ తర్వాత తేమ చొరబడని సంచిలో మూసి మైనస్ 18 లేదా మైనస్ 20 డిగ్రీల దగ్గర పెడతారు. ఈ క్రమం తప్పకూడదు. తడి గింజను గడ్డకట్టిస్తే లోపలి నీరు మంచు స్ఫటికాలై కణాలను చీల్చేస్తుంది. పొడి గింజలో గడ్డకట్టడానికి నీరే ఉండదు.

ఇలా ఎండబెట్టినా బతికే గింజలను ఆర్థడాక్స్ విత్తనాలు అని 1973లో ఎరిక్ రాబర్ట్స్ పేరు పెట్టాడు. మామిడి టెంక, పనస గింజ ఇలా ఎండితే చస్తాయి. అవి రెండో రకం. ప్రెయిరీ అదృష్టం ఏమిటంటే దాని జాతుల్లో అత్యధికం మొదటి రకమే.

చలి, పొడి వాతావరణం ఎంత మేలు చేస్తాయో చెప్పే పాత సూత్రం హారింగ్టన్‌ది. గింజలో తేమ 1 శాతం తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు రెట్టింపు. ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ తగ్గిన ప్రతిసారీ మరో రెట్టింపు. 12 శాతం నుంచి 7 శాతానికి తెస్తే ఐదుసార్లు రెట్టింపై 32 రెట్లు. 25 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు తెస్తే నాలుగుసార్లు రెట్టింపై 16 రెట్లు. రెండూ కలిస్తే 512 రెట్లు. ఇది మోటు లెక్క. తేమ 5 శాతం కన్నా, ఉష్ణోగ్రత సున్నా కన్నా దిగితే పనిచేయదు. కానీ ఫ్రీజర్ కొనే స్తోమత లేని చిన్న బృందానికి ఎంతో ఉపయోగం. దాని మరో రూపం ఇంకా తేలిక. ఫారన్‌హీట్‌లో ఉష్ణోగ్రత, శాతంలో గాలి తేమ, ఈ రెండింటి మొత్తం 100 దాటకూడదు. 50 డిగ్రీల ఫారన్‌హీట్, 40 శాతం తేమ ఉన్న గది అయితే మొత్తం 90, ఫరవాలేదు.

ఫ్రీజర్ నుంచి తీసిన సంచిని వెంటనే విప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా మూసే ఉంచాలి. లేకపోతే చల్లని గింజ మీద గాలిలోని తేమ నీటి బొట్లుగా పేరుకుని, నెలల తరబడి ఎండబెట్టిన శ్రమ ఒక్క నిమిషంలో పోతుంది. అలాగే ఎంత మంచి ఫ్రీజరైనా ఏదో ఒకరోజు ఆగుతుంది. అందుకే ప్రతి సేకరణలో ఒక భాగం వేరే ఊళ్లో, వేరే విద్యుత్ లైను మీద ఉండాలి. కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో ఉన్న జాతీయ ప్రయోగశాల ఈ దేశీయ మొక్కల గింజలకు అలాంటి రెండో ఇల్లు.

మొలవనిది చచ్చినట్టు కాదు

మొలకశాతం చూడటం పంట గింజల్లో సులువు. తడి కాగితం మీద వేసి వారంలో లెక్కపెడతారు. ప్రెయిరీ గింజల్లో చాలా జాతులు అలా వేస్తే కదలవు. సెప్టెంబరులో రాలిన గింజ వెంటనే మొలిస్తే, లేత మొక్క మంచులో చస్తుంది. కాబట్టి చలికాలం గడిచిందని తెలిసేదాకా అది నిద్రలో ఉంటుంది. దాన్ని లేపడానికి తడి ఇసుకలో కలిపి, 1 నుంచి 5 డిగ్రీల చలిలో 30, 60 లేదా 90 రోజులు ఉంచుతారు. వైల్డ్ ఇండిగో వంటి చిక్కుడు కుటుంబపు గింజల పెంకు నీటినే లోపలికి పోనివ్వదు. వాటిని శాండ్‌పేపర్‌తో కాస్త గీరాలి.

ఇక్కడే పెద్ద పొరపాటుకు తావుంది. వేసిన 50 గింజల్లో 10 మొలిచాయి, 40 మొలవలేదు. ఆ 40 చచ్చినవా, నిద్రపోతున్నవా? తేల్చడానికి టెట్రాజోలియం అనే రంగులేని రసాయనంలో గింజ ముక్కలను నానబెడతారు. బతికున్న కణజాలంలో శ్వాసక్రియకు చెందిన ఎంజైములు దాన్ని ఎర్రరంగుగా మారుస్తాయి. చచ్చిన భాగం తెల్లగానే ఉంటుంది. ఈ పరీక్ష లేకుండా మొలిచిన పదింటినే నాటి, మిగతావి పారేస్తే, తొందరగా లేచే గుణాన్నే ఎంచుకున్నట్టు. రెండు మూడు తరాలు అలా చేస్తే అందుబాటులో ఉండే గింజ తోటలో బాగా మొలుస్తుంది, ప్రెయిరీలో మొదటి అకాల వెచ్చదనానికే లేచి మంచుకు బలవుతుంది.

పరీక్ష కూడా ఖర్చే. 500 గింజలే ఉన్న అరుదైన సేకరణలో పదేళ్లకోసారి 50 చొప్పున తీస్తే ఐదు పరీక్షలకు సగం అయిపోతుంది. అందుకని అలాంటి వాటిని తక్కువసార్లు, తక్కువ గింజలతో పరీక్షిస్తారు. ఎంత సమాచారం కోసం ఎన్ని ప్రాణాలు ఖర్చు పెట్టవచ్చన్నది ప్రతి బ్యాంకూ తనకు తాను తేల్చుకోవాల్సిన విషయం.

కొన్ని జాతులను గింజ ఒక్కటే దాచి కాపాడలేం. ప్రెయిరీ ఫ్రింజ్‌డ్ ఆర్కిడ్ల గింజ ధూళి అంత. లోపల ఆహార నిల్వ లేదు. నేలలోని ఒక రకం శిలీంధ్రం వచ్చి పోషిస్తేనే ఎదుగుతుంది. దానితో పాటు ఆ శిలీంధ్రాన్నీ ప్రయోగశాలలో పెంచి దాచాలి.

పెంచడం, కలపడం అనే చిక్కు

బ్యాంకులోని కొన్ని వేల గింజలతో వందల ఎకరాలు విత్తలేరు. కాబట్టి కొంత తీసి మడుల్లో పెంచి గింజను పెంపు చేస్తారు. ఇల్లినాయ్‌లో మందుగుండు కర్మాగారం ఉన్న స్థలంలో 1996లో ఏర్పడిన మిడెవిన్ నేషనల్ టాల్‌గ్రాస్ ప్రెయిరీకి సొంత విత్తన మడులే ఉన్నాయి. అవసరమైన పనే, కానీ మచ్చిక ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువ ఇక్కడే. వరసల్లో, కలుపు లేకుండా, నీళ్లు పెట్టి పెంచి, ఒకే రోజు యంత్రంతో కోస్తే, రాలకుండా పట్టుకుని, ఒకే ఎత్తున, ఒకే తేదీకి పండినవే గెలుస్తాయి. అందుకే అడవి నుంచి నేరుగా వచ్చిన గింజను సున్నా తరంగా గుర్తించి, ఆ తర్వాత ఎన్ని తరాలు మడిలో పెరిగిందో ప్రతి సంచి మీదా రాస్తారు. కొన్ని తరాలు దాటగానే ఆ మడిని తీసేసి, మళ్లీ అడవి గింజతో మొదలుపెడతారు.

హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జీన్ బ్యాంకుతో పోలిస్తే తేడా బాగా తెలుస్తుంది. అక్కడ జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ రకాలు లక్షకు పైగా ఉన్నాయి. ఎండబెట్టడం, చల్లబరచడం రెండు చోట్లా ఒకటే. కానీ జొన్న రకాన్ని తిరిగి పెంచేటప్పుడు పక్క రకం పుప్పొడి పడకుండా కంకికి కాగితం సంచి తొడుగుతారు. ఆ రకం ఆ రకంగానే ఉండాలి. స్వంత పుప్పొడిని ఒప్పుకోని ప్రెయిరీ మొక్కకు అలా సంచి తొడిగితే ఒక్క గింజా రాదు. అక్కడ కాపాడాల్సింది ఒక రకాన్ని కాదు, ఒక గుంపులోని తేడాలన్నిటినీ. నంద్యాల జిల్లాలో బట్టమేక పిట్టకు పేరుపడ్డ రోళ్లపాడు వంటి పచ్చికల గడ్డి కూడా చాలావరకు బ్లూస్టెమ్ శాఖకు చెందినదే. బంజరు అని రికార్డుల్లో రాసుకున్న అలాంటి నేలల గింజలను దాచాలంటే పనికొచ్చేది ప్రెయిరీ పద్ధతే, జొన్న పద్ధతి కాదు.

ఎక్కడి గింజను ఎక్కడ విత్తాలన్నది ఇంకా తెగని వాదన. స్థానిక గింజే కావాలనే వారి వాదనకు బలం ఉంది. బిగ్ బ్లూస్టెమ్‌లోనే 60 క్రోమోజోములున్న మొక్కలూ 90 ఉన్న మొక్కలూ ఉన్నాయి. రెంటినీ తెలియక కలిపితే సంతానంలో క్రోమోజోముల లెక్క తప్పుతుంది. కాన్సస్ పొడి నేలలకు అలవాటైన గడ్డి, ఇల్లినాయ్ తడి నేలల గడ్డి ఒకేలా బతకవు. అయోవాలో అందుకే రాష్ట్రాన్ని ఉత్తరం, మధ్య, దక్షిణం అని మూడు మండలాలుగా విడదీసి ఏ మండలం గింజను ఆ మండలంలోనే వాడే ఏర్పాటు చేశారు. మరోవైపు మీడ్స్ మిల్క్‌వీడ్‌కు దూరపు గింజ రాకపోతే అసలు సంతానమే లేదు. వాతావరణం వేడెక్కుతున్నప్పుడు దక్షిణాది గింజను కొంత కలపాలనే వాదన కూడా బలపడుతోంది.

రెండు వైపులా నిజం ఉన్నప్పుడు బ్యాంకు చేయగలిగింది ఒకటే. అన్నిటినీ విడివిడిగా, మూలం తెలిసేలా ఉంచడం. కలపాలనుకుంటే ఎప్పుడైనా కలపవచ్చు. ఒకసారి కలిపిన సంచిని ఎవరూ విడదీయలేరు. ఆ రకంగా బ్యాంకులో గింజ తర్వాత అంత విలువైనది కాగితం: ఏరిన తేదీ, అక్షాంశ రేఖాంశాలు, నేల రకం, పక్కన పెరిగే మొక్కలు, ఎన్ని తల్లులు, ఎన్నో తరం, జాతిని నిర్ధారించే ఎండు నమూనా. ఇవి లేని సంచి దాణాకు తప్ప దేనికీ పనికిరాదు.

నేలకు చేరే దారి

విత్తే రోజున లెక్క మళ్లీ మారుతుంది. సంచి బరువు మోసం చేస్తుంది. శుద్ధత 70 శాతం, మొలిచేవీ నిద్రలో ఉన్నవీ కలిపి బతికున్నవి 75 శాతం అయితే, 100 కిలోల్లో నిజంగా విత్తనం అనదగింది 52.5 కిలోలు. ఒక వ్యాపారి ఈ సరుకును కిలో 40 డాలర్లకు ఇస్తున్నాడు, ఇంకొకరు 50 శాతం శుద్ధత, 60 శాతం జీవమున్న సరుకును 30 డాలర్లకు ఇస్తున్నారు అనుకుంటే, మొదటిదానిలో బతికున్న గింజ కిలో 76 డాలర్లు, రెండోదానిలో 100 డాలర్లు. చవకగా కనిపించినదే ఖరీదు.

కొనడానికైనా సరుకు ఉండాలి. అమెరికా జాతీయ అకాడమీలు 2023లో విడుదల చేసిన నివేదిక, దేశీయ మొక్కల విత్తనాల అవసరానికి తగ్గ సరఫరా లేదని తేల్చింది. కార్చిచ్చు తర్వాత నేలను కప్పడానికి గింజ దొరక్కపోతే ఏది దొరికితే అది చల్లుతారు. అలా చల్లిన విదేశీ గడ్డి తర్వాత తరతరాలకు వదలదు.

ఈ పని సాధ్యమేనని చూపిన చోట్లలో చికాగో సమీపంలోని ఫెర్మీల్యాబ్ ఒకటి. అది భౌతికశాస్త్ర ప్రయోగశాల. ప్రోటాన్లను వేగవంతం చేసే మైళ్ల పొడవు వలయం లోపల ఖాళీ నేల ఉండేది. ప్రెయిరీ తునకల కోసం శ్మశానాలు గాలించిన జీవశాస్త్ర ఆచార్యుడు రాబర్ట్ బెట్జ్ అక్కడ ప్రెయిరీ పెంచుదామని ప్రతిపాదించాడు. 1975లో, చుట్టుపక్కల మిగిలిన తునకల నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు చేత్తో ఏరిన గింజలతో, పదెకరాల లోపు మడిలో పని మొదలైంది. అది ఎదిగాక దాని గింజతోనే పక్క మడులు విత్తారు. క్రమంగా అది దాదాపు వెయ్యి ఎకరాలకు పెరిగింది. మొదట బలంగా వచ్చింది గడ్డీ, మొండి మొక్కలే. నేల కుదుటపడ్డాక గానీ సున్నితమైన జాతులు నిలవలేదు. వాటి గింజను విడతలు విడతలుగా, తర్వాతి సంవత్సరాల్లో చల్లాల్సి వచ్చింది. కంపాస్ ప్లాంట్ వంటివి మొదటి కొన్నేళ్లు లోతుగా వేరు దించుకుంటూ, పైకి ఒకటి రెండు ఆకులు మాత్రమే చూపిస్తాయి. అందుకే అప్పుడే విత్తిన ప్రెయిరీని చూసేవారికి కలుపు చేనులా అనిపిస్తుంది. ఏ గడిలో ఏ ఏడాది ఏ సంచి గింజ పడిందో రాసి పెట్టుకున్నవారికి మాత్రమే, ఆ ఆకులు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.